ఊరు కదల్లేదు.. పొలిమేర కదిలింది

‘మీది ఏ ఊరు?’ అంటే మన పిల్లలు ఠక్కున చెబుతారు. ‘ఆ ఊరి పొలిమేర ఎవరు గీశారు?’ అంటే మాత్రం పెద్దలమైన మనమూ తడబడతాం. సరిహద్దు గీతల వల్లే భాషా మైనారిటీలమైన మనకు ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. దీన్ని తరగతిలో చర్చించడానికి అమెరికాలోని ఓ ఊరి కథ పనికొస్తుంది.

అది న్యూజెర్సీలోని ఎడిసన్. అక్కడ టౌన్‌షిప్ అంటే, మన పురపాలక సంఘంలా సొంత పాలకవర్గం ఉన్న ప్రాంతం. ఒకప్పుడు అది లెనాపే ఆదివాసుల నేల. 17వ శతాబ్దంలో వలస వచ్చినవారు ఉడ్‌బ్రిడ్జ్, పిస్కాటవే అనే ఊళ్లు కట్టారు. 1870 మార్చి 17న ఆ రెండింటి నుంచీ కొంత కొంత విడదీసి రారిటన్ టౌన్‌షిప్‌ను ఏర్పాటు చేశారు. పక్కనే పారే నది పేరే ఊరికీ పెట్టారు.

1876లో థామస్ అల్వా ఎడిసన్ అక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల నెలకొల్పాడు. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో విద్యుద్దీపం అక్కడే రూపుదిద్దుకున్నాయి.

తర్వాత ఊరు చీలింది. 1900లో మెటచెన్, 1905లో హైలాండ్ పార్క్ విడిపోయి వేరే పురపాలికలయ్యాయి. ఇప్పుడు మెటచెన్‌కు నాలుగు వైపులా ఎడిసనే. గారె మధ్య చిల్లులా ఉంటుంది పటంలో. మూడింటికీ వేర్వేరు ప్రభుత్వ బడులు. ఇల్లు గీతకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టే పిల్లవాడి బడి తేలుతుంది.

రారిటన్ పేరు 1954లో ఎడిసన్‌గా మారింది. అప్పటికి ఆ శాస్త్రవేత్త కన్నుమూసి 23 ఏళ్లు. 2020 జనగణనలో ఊరి జనాభా 1,07,588. వారిలో భారతీయులు ఎక్కువే, తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. మన సరుకులు దొరికే ఓక్ ట్రీ రోడ్డు ఎడిసన్ నుంచి ఉడ్‌బ్రిడ్జ్ పరిధిలోకి సాగుతుంది. కొనేవాళ్లకు ఆ గీత కనిపించదు.

మన గీతలూ అలాంటివే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు వెళ్లింది. మనుషులు ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారింది. అందుకే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని అది చెబుతోంది. అయితే బెంచీల మీద పిల్లలుంటేనే ఆ వసతి నిలుస్తుంది.

ఉపాధ్యాయులకు ఓ మనవి. ఈ వారం పిల్లలతో మీ ఊరి పటం గీయించండి. పాత పొలిమేరలు, పాత పేర్లు తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి రాసుకు రమ్మనండి. ఆ రాతలు తెలుగులో ఉండాలి. తల్లిదండ్రులకూ ఒక మాట. గీత ఎక్కడ పడాలో మన చేతిలో లేకపోయింది. బిడ్డను ఏ బడిలో చేర్చాలో మాత్రం మన చేతిలోనే ఉంది.