మార్కర్‌మేర్ అడుగున ఏడుగురు

1943 మార్చి 29 రాత్రి బెర్లిన్‌పై దాడికి ఇంగ్లండ్‌లోని డౌన్‌హామ్ మార్కెట్ స్థావరం నుంచి లేచిన బాంబర్లలో బీకే 716 ఒకటి. అది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ దింపిన తొలి నాలుగు ఇంజన్ల భారీ బాంబరు స్టిర్లింగ్ రకానికి చెందినది. ఈ రకం లాంకాస్టర్ బాంబర్లంత ఎత్తుకు ఎగరలేదు. అందుకే శత్రువు గురికి తేలిగ్గా చిక్కేది.

తిరుగు దారిలో జర్మన్ రాత్రి యుద్ధవిమానం దాన్ని కూల్చింది. నెదర్లాండ్స్‌లో నేడు మార్కర్‌మేర్ అని పిలిచే సరస్సులో అది మునిగిపోయింది. బ్రిటన్, కెనడాలకు చెందిన ఏడుగురు సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. సమాధి లేని 20,000 మందికి పైగా వైమానికులతో పాటు వారి పేర్లను లండన్ సమీపంలోని రన్నీమీడ్ స్మారకంపై చెక్కారు. ఇంటివారికి మిగిలింది ఆ అక్షరాలే.

2008లో ఆ సరస్సులో ఒక రక్షణ పడవ లంగరుకు లోహపు ముక్క తగులుకుని పైకొచ్చింది. మొదట దాన్ని మరో స్టిర్లింగ్‌ది అనుకున్నారు. తర్వాతి పరిశోధనలో బీకే 716దేనని తేలింది. 2020లో డచ్ ప్రభుత్వం శకలాలను వెలికితీయించింది. బురదను జల్లెడ పట్టి అవశేషాల కోసం వెతికారు. ఏడు దశాబ్దాల తర్వాత కూడా పరాయి దేశపు సైనికుల కోసం ఇంత శ్రమ పడటం గొప్ప విషయం. సమీపంలోని అల్మేర్ నగరంలో వారికి స్మారకం నిలిపారు.

ఆ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్ కోల్పోయిన వైమానికులు 55,573 మంది.