మొక్కు పేరు చెప్పి కొల్లేరు షికారు

మీ ఇంట్లో అత్తగారో, అమ్మో వున్నారా? అయితే ఒక్క నిమిషం ఆలోచించి చెప్పండి. ఆవిడ చివరిసారి ఊరు దాటింది ఎందుకు? కూతురి పురుడికా? ఎవరి పెళ్ళికో అప్పడాలు, వడియాలు పెట్టడానికా? కంటి ఆపరేషనుకా? పోనీ, గోదావరి పుష్కరాలకి అంటారా... అది 2015 నాటి మాట. "ఊరికే, సరదాగా వెళ్ళొచ్చారు" అని చెప్పగలిగినవాళ్ళు చెయ్యెత్తండి. నిన్న మొన్నటిదాకా నేనైతే ఎత్తలేకపోయేదాన్ని.

మా అత్తయ్యగారికి అరవై తొమ్మిదేళ్ళు. మామయ్యగారు పోయాక ఏలూరులో మా దగ్గరే వుంటున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. పాల ప్యాకెట్లు తీసుకోవడం, వాకిట్లో ముగ్గు, పిల్లల బాక్సుల్లోకి కూరలు తరిగివ్వడం అన్నీ ఆవిడే. పిల్లలు వ్యానెక్కాక బి.పి. మాత్ర వేసుకుని, పేపరు ముందు పెట్టుకుంటారు. మధ్యాహ్నం టీవీ చూస్తూ దీపాల వత్తులు చేస్తారు. చేతులు ఖాళీగా వుంటే ఆవిడకి తోచదని మేం అనుకుంటాం. ఎండాకాలం సెలవులొస్తే మనందరికీ సెలవులు, ఆవిడకి మాత్రం డబుల్ డ్యూటీ! ఆడపడుచులు పిల్లలతో దిగుతారు, పైగా ఆవకాయల రోజులు.

అలాంటి మనిషి ఒక ఫాల్గుణ మాసంలో, కొల్లేటికోట జాతర జరుగుతున్న రోజుల్లో, "పెద్దింట్లమ్మకి మొక్కు వుండిపోయిందిరా అబ్బాయ్, ఒకసారి వెళ్ళొస్తే బాగుణ్ణు" అన్నారు. "ఆ జనంలో నువ్వెక్కడ నిలబడతావమ్మా, నీ మోకాళ్ళతో? ఎప్పుడైనా కారు మాట్లాడుకుని వెళ్దాంలే" అన్నారు మావారు. ఆ 'ఎప్పుడైనా' ఎప్పుడొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మావారు చెడ్డవారు కాదండీ, తల్లి మీద ప్రేమే. కానీ ఆ ప్రేమ ఎప్పుడూ "ఇంట్లో కూర్చో" అనే చెబుతుంది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై, ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లాంటి బస్సుల్లో టిక్కెట్టు లేకుండా పోయింది కదా. ఆ మార్గశిరంలో, పిల్లలు బడికెళ్ళిన ఒక బుధవారం నాడు, "పదండి అత్తయ్యగారూ" అన్నాను. కొల్లేటికోటకి ఆదివారాలు మొక్కుబడులవాళ్ళు ఎక్కువ. కాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్ళేటప్పుడు పనిరోజు చూసుకోండి.

బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్టు చింపి ఇచ్చాడు. అత్తయ్యగారు దాన్ని రెండు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నారు. "ఇంకెందుకండీ అది?" అంటే, "వుండనీ" అన్నారు. కొడుకుని అడక్కుండా ఎక్కిన మొదటి బస్సు అదేనేమో మరి! (రైల్లో ఇదివరకు 58 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి సగం ఛార్జీ వుండేది. 2020 మార్చిలో అది ఎత్తేశారు. మా అత్తయ్యగారు దాన్ని ఒక్కసారీ వాడుకోలేదు.)

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారి కొల్లేరు మధ్యనుంచే పోతుంది. వానాకాలంలో మాత్రం కనుక్కుని బయల్దేరండి. 2024 సెప్టెంబరు వరదలకి ఈ దారి మునిగి రాకపోకలు ఆగిపోయాయి. కిటికీ పక్క సీటు ఆవిడకే ఇచ్చాను. అటూ ఇటూ నీళ్ళు, గుర్రపుడెక్క, చేపల చెరువు గట్లు, కొంగలు. ఎంత దూరం పోయినా, "ఏదీ, కొల్లేరేదీ?" అని అడుగుతూనే వున్నారు. ఇదే కదండీ అంటే నమ్మరే!

ఆవిడ పుట్టింది ఒక లంక గ్రామంలో. చిన్నప్పుడు తాటిదోనెలోనే ఊరు దాటేవారట. చూపు ఆనినంత మేరా నీళ్ళేనట. తర్వాత ఆ నీళ్ళలో చేపల చెరువులు తవ్వేశారు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచస్థాయి చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. ఇదంతా పేపర్లో చదివిందే. ఆవిడ మాత్రం బుడమేరు, తమ్మిలేరు నీళ్ళొచ్చి కొల్లేరు నిండే రోజులు, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పారు. ఇన్నేళ్ళూ మా వంటింట్లో ఎప్పుడూ చెప్పలేదు. మేం అడిగితే కదా!

కైకలూరులో దిగి ఆటోలో కొల్లేటికోట చేరాం. గుడి ఖాళీగానే వుంది. ఫాల్గుణ శుద్ధ పాడ్యమి నుంచి పున్నమి దాకా జాతరలో, జలదుర్గకీ గోకర్ణేశ్వరస్వామికీ కళ్యాణం జరిగేటప్పుడు ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. గుడి దగ్గరే పొయ్యి పెట్టి వేడి నైవేద్యాలు, పాలపొంగళ్ళు వండుతారు. వాళ్ళమ్మ పక్కన కూర్చుని పొయ్యిలో పుల్లలు ఎగదోసేదాన్నని అత్తయ్యగారు చెప్పారు.

దర్శనం అయ్యాక చెట్టునీడన కూర్చున్నాం. "ఇంతకీ మీ మొక్కేమిటి అత్తయ్యగారూ? తీర్చేసుకున్నారా?" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మొక్కూ లేదు, ముడుపూ లేదు అమ్మాయ్. నీళ్ళు చూడాలని వుందంటే మీరు పంపిస్తారా?"

నాకేం మాట్లాడాలో తోచలేదు. దిబ్బరొట్టె డబ్బా మూత తీశాను.

ప్రయాణానికి దిబ్బరొట్టెని మించింది లేదు సుమండీ. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పిండి జారుగా వుండకూడదు. దళసరి మూకుట్లో నూనె కాస్త ధారాళంగా పోసి, పిండి మందంగా వేసి, మూతపెట్టి సన్నసెగ మీద వదిలెయ్యండి. అడుగు ఎర్రగా కాలి అట్టు కట్టాక తిరగెయ్యాలి. తొందరపడితే లోపల పచ్చిగా వుండిపోతుంది. ముక్కలు కోసి, ఆవకాయ నంజుకుని తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. ఇంకొక సంగతి. పెద్దవాళ్ళు బాత్‌రూమ్ దొరకదన్న భయంతో ప్రయాణంలో మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మన అత్తగార్లు నోరు తెరిచి చెప్పరు. కాబట్టి బస్టాండులో దిగగానే మీరే "నేనొకసారి వెళ్ళొస్తానండీ, మీరూ రండి" అనండి.

రొట్టె తింటూ పేరంటాల కనుమ కథ చెప్పారు. ఈ లంక మీద గజపతుల కోట వుండేదట. శత్రువులు చిగురుకోట దగ్గర దిగి, కొల్లేటి నీళ్ళు లాగేసి కోట పట్టుకోవాలని కాలువ తవ్వారట. అప్పుడొక సేనాపతి గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడట. కాలువకి ఆ పిల్ల పేరే వచ్చిందట. "కూతుర్ని ఒక్క మాటైనా అడిగాడో లేదో" అని డబ్బా మూత పెట్టేశారు.

తిరుగు దారిలో కైకలూరుని ఆనుకునే వున్న ఆటపాక పక్షుల కేంద్రం చూశాం. చలికాలమైతే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళతో నిండుగా వుంటాయి. చెట్లు చాలక అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనప స్టాండ్లు కట్టారు, వాటి మీదా గూళ్ళే. పడవ ఎక్కడానికి నేను జంకుతుంటే, మోకాళ్ళ నొప్పుల మనిషి కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, పడవ నడిమిన అడుగేసి టక్కున కూర్చున్నారు! "అంచుమీద కాలెయ్యకు, బోల్తా కొడుతుంది" అని నాకు పాఠం కూడానూ. పడవ కదిలాక చెయ్యి నీళ్ళలో వదిలేసి అలాగే వుండిపోయారు. "ఇదిగో, ఇదీ కొల్లేరు" అన్నారు చాలాసేపటికి.

అయిదింటికల్లా ఇంటికి చేరాం. మావారు గుమ్మంలోనే, "మొక్కు తీరిందామ్మా?" అన్నారు. "ఆఁ, తీరింది నాయనా" అన్నారావిడ.

ఆ తర్వాత పక్కింటి పిన్నిగారిని తోడు తీసుకుని రెండుసార్లు బయల్దేరారు. ఒకసారి ద్వారకా తిరుమల. ఇంకోసారి, ఉల్లిపాయలు చవగ్గా దొరుకుతాయని తాడేపల్లిగూడెం. సంచిలో రెండు కిలోల ఉల్లిపాయలు, వాటి పైన నూనె మరకల కాగితం పొట్లం. గూడెం పకోడీ ఎంత పేరున్నదో మీకు తెలుసు కదా! ఆ రెండు రోజులూ కూరలు నేనే తరుక్కున్నాను, పిల్లలు బడికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళారు. అంతే, ఇల్లేం మునిగిపోలేదు.

వచ్చే గురువారం భీమవరమట. మావుళ్ళమ్మకి మొక్కు వుండిపోయిందని మావారితో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. మాట్లాడకుండా మినప్పప్పు నానబోశాను.