ఖాకీ ఇంటి గడప లోపల: అపోహలు – వాస్తవాలు

2024 అక్టోబరులో తెలంగాణ రోడ్ల మీద ఎప్పుడూ చూడని ధర్నాలు జరిగాయి. ధర్నాలను అదుపు చేసే పోలీసుల ఇళ్లవాళ్లే ధర్నాకు కూర్చున్నారు. ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, తమ భర్తల్ని ఊరూరా తిప్పొద్దనీ, రాష్ట్రమంతటా ఒకే పోలీసు విధానం తేవాలనీ అడిగారు. నిరసనలు సిబ్బందికీ పాకాక 39 మందిని సస్పెండ్ చేశారు. ఆ వెంటనే 10 మందిని ఉద్యోగం నుంచే తొలగించారు.

ముందు భార్యలే ఎందుకొచ్చారన్నది చాలామందికి అర్థం కాలేదు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం ప్రకారం, పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా సంఘం పెట్టుకోకూడదు, తన గోడు పత్రికలకు చెప్పుకోకూడదు. ఆ చట్టం ఉద్యోగికే వర్తిస్తుంది, ఇల్లాలికి కాదు. అందుకే ఇంట్లో మూలుగుతున్న బాధ ఆమె నోట బయటికొచ్చింది.

పోలీసు ఇళ్ల గురించి మనకున్న అభిప్రాయాల్లో సగం సినిమాలు నేర్పినవే. పగబట్టిన రౌడీ గేటు దూకి రావడమే అక్కడి ప్రమాదమని అనుకుంటాం. ఆ భయంలో కొంత నిజముంది. కానీ ఎక్కువ ఇళ్లలో ముప్పు లోపలే ఉంటోంది: నిద్రలేని మనిషిలో, బీరువాలో దాచిన తుపాకీలో, ఎవరికీ చెప్పుకోలేని మాటలో.

అపోహ: పోలీసు ఇంటి జోలికి ఎవడొస్తాడు?

నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న నక్సలైట్లు కాల్చి చంపింది అడవిలో కాదు, హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో. అప్పుడాయన జాగింగ్ చేస్తున్నారు. 1999 సెప్టెంబరు 4న వాళ్లే మరో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను కాల్చి చంపింది సంజీవరెడ్డి నగర్ కూడలిలో, కారులో వెళ్తుండగా. 2018 ఆగస్టులో దక్షిణ కశ్మీర్‌లో ఉగ్రవాదులు పోలీసుల బంధువుల్నే ఇళ్లనుంచి ఎత్తుకుపోయి, తర్వాత వదిలిపెట్టారు. యూనిఫాం కుటుంబానికి కవచం కాదు. పైగా రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో తిరిగే అలవాటు ఎదుటివాడి పని తేలిక చేస్తుంది.

ఇప్పుడు గేటు ఫోన్లోకి మారింది. యూనిఫాంలో ఉన్న నాన్న ఫొటో, వెనక స్కూలు బోర్డు, కింద ‘డాడీ మేడారం డ్యూటీకి వెళ్లారు, వారం దాకా రారు’ అన్న స్టేటస్. ఇల్లు ఎవరిది, పిల్ల ఎక్కడ చదువుతుంది, ఇంట్లో మగదిక్కు ఎప్పుడుండదు అన్న మూడు సంగతులూ ఒక్క పోస్టులో దొరికిపోయాయి. పిల్లల ఖాతాలను ప్రైవేట్‌గా పెట్టించడం, ఫోన్ కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేయడం, బందోబస్తు ఫొటోలు మనిషి ఇంటికొచ్చాకే పెట్టడం, ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు.

మోసగాళ్లకు పోలీసు ఇల్లన్న జంకూ లేదు. పోలీసు అధికారుల పేర్లతోనే నకిలీ ఖాతాలు తెరిచి, బంధుమిత్రుల్ని డబ్బు అడుగుతున్నారు. డబ్బు పోతే పరువు పోయిందని దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితేనే సొమ్మును ఖాతాలో ఆపించే అవకాశం ఎక్కువ.

అపోహ: బీరువా పైన పెట్టాను, పిల్లలకు తెలీదులే

తెలుసు. అమెరికాలోని అలబామాలో తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ వేర్వేరుగా అడిగి చేసిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. ‘తుపాకీ ఎక్కడుంటుందో మా పిల్లలకు తెలీదు’ అన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాట నిజం కాదని వాళ్ల పిల్లలే తేల్చారు. మన దగ్గర స్టేషన్ సిబ్బంది ఆయుధాలు సాధారణంగా స్టేషన్‌లోనే ఉంటాయి. గన్‌మన్లు, కొందరు అధికారుల విషయంలో మాత్రం పిస్టల్ ఇంటిదాకా వస్తుంది.

‘మ్యాగజైన్ తీసేశాను, ఇక భయం లేదు’ అన్న మాట ఇంకో అపోహ. మ్యాగజైన్ బయటికొచ్చినా ఛాంబర్‌లో ఒక రౌండ్ మిగిలిపోవచ్చు. చాలా రకాల తుపాకులు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగాలి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూడాలి. ఈ వరస తప్పితే ట్రైనింగ్‌లో నేర్చిందంతా దండగే. ఆయుధం ఒక తాళంలో, రౌండ్లు ఇంకో తాళంలో ఉండాలి. తాళంచెవి పూజగదిలోనో పోపులడబ్బాలోనో దాస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

పిల్లల సంగతి ఒక్కటే కాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఒక అధికారికి గన్‌మన్‌గా పనిచేస్తున్న కానిస్టేబుల్ సర్వీసు పిస్టల్‌తో భార్యనూ ఇద్దరు బిడ్డల్నీ చంపి, తన ప్రాణమూ తీసుకున్నాడు. ఇలాంటి వార్త చదివినప్పుడు ‘అంత కష్టంలో ఉన్నవాణ్ని ఎవరాపగలరు, తుపాకీ కాకపోతే ఇంకోటి’ అంటారు. అది నిజం కాదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న నిబంధన మార్చింది. వారాంతానికి ఇంటికెళ్లే సైనికులు ఆయుధాన్ని శిబిరంలోనే వదిలి వెళ్లాలంది. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. తగ్గినవి ప్రధానంగా వారాంతాల్లో తుపాకీతో జరిగేవే. ఆయుధం దూరంగా ఉన్న ఆ రెండు రోజుల్లో ప్రాణం నిలబడింది. సెలవు మీద వెళ్లేటప్పుడు, ఇంట్లో గొడవ ముదిరినప్పుడు, అప్పులవాళ్లు తలుపు కొడుతున్నప్పుడు ఆయుధాన్ని డిపాజిట్ చేయమని భార్య అడిగితే అది అవమానం కాదు. ఈ మాట ఆమె నోట రాకముందే పై అధికారి నోట రావాలి.

అపోహ: నిద్ర లేకపోవడం పోలీసుకు అలవాటే

అలవాటు పడ్డట్టు అనిపిస్తుంది. శరీరం మాత్రం లెక్క రాసుకుంటూనే ఉంటుంది.

హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం రోజు పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద పాయింట్ డ్యూటీకి నిలబడిన కానిస్టేబుల్ చాలాసార్లు మర్నాడు తెల్లారాక గానీ కదలడు. బూటు విప్పితే సాక్సు పాదానికి అంటుకుని ఉంటుంది. అలాగే బైకెక్కి శివార్లలోని ఇంటికి బయల్దేరతాడు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చిందేమిటంటే, వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతి చురుకు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. 24 గంటలైతే 0.10 శాతంతో సమానం. మన మోటారు వాహనాల చట్టం డ్రైవింగ్‌కు ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. రాత్రంతా బ్రెత్ ఎనలైజర్ పట్టుకుని ఇతరుల్ని ఆపిన మనిషే, ఒక్క చుక్క తాగకుండా, ఆ హద్దు దాటి బండి నడుపుతున్నాడన్నమాట. స్టేషన్ బెంచీ మీద కాసేపు కునుకు తీసి బయల్దేరమని ఇంటినుంచి ఒక ఫోన్ వెళ్లినా మంచిదే. బామ్మర్దినో పక్క క్వార్టర్‌ వాళ్లనో పంపి తెప్పించుకుంటే ఇంకా మంచిది.

ఇదేదో అరుదుగా వచ్చే రోజు కాదు. పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం, స్టేషన్ సిబ్బందిలో 90 శాతం మంది 8 గంటలకు మించి పనిచేస్తున్నారు. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి వెలువరించిన నివేదిక సగటు డ్యూటీ 14 గంటలనీ, ఇద్దరిలో ఒకరికి వారాంతపు సెలవే లేదనీ తేల్చింది. ఆ సర్వేలో పదివేలమందికి పైగా పోలీసుల కుటుంబ సభ్యుల్నీ కూర్చోబెట్టి అడిగారు. అలా అడగడమే అరుదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లలో సంబరపడ్డారో, బందోబస్తు పేరుతో ఆ రోజు చేజారినప్పుడు అన్ని ఇళ్లలోనూ పిల్లలు చిన్నబుచ్చుకున్నారు.

నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషికి పగటి నిద్ర దొరకాలంటే కిటికీకి మందపాటి దుప్పటి, సైలెంట్‌లో ఫోన్, ఆ కాసేపు మోగని కుక్కర్ విజిల్ కావాలి. రెండు పెగ్గులేస్తే నిద్ర బాగా పడుతుందన్నది మాత్రం వట్టి భ్రమ. మందు త్వరగా నిద్రపుచ్చుతుంది కానీ తెల్లవారుజాము నిద్రను ముక్కలు చేస్తుంది.

అపోహ: వచ్చీరాగానే జరిగిందంతా కక్కించేయాలి

శవాన్ని చూసొచ్చిన రోజో, తోటివాణ్ని పోగొట్టుకున్న రోజో మనిషి గుమ్మంలోకి రాగానే ‘ఏం జరిగింది, మొత్తం చెప్పండి, మనసు తేలికవుతుంది’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఘోరం జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2002లో కోక్రేన్ సమీక్ష కూడగట్టి చూసింది. ఆ పద్ధతి తర్వాతి మానసిక గాయాన్ని ఆపలేదు. కొందరికి కీడే చేసి ఉండొచ్చని కూడా తేలింది. బలవంతంగా చేయించడం మానాలని సమీక్షకులు స్పష్టంగా రాశారు.

అలాగని మౌనంగా వదిలేయమని కాదు. స్నానానికి వేడినీళ్లు, పెరుగన్నం, పక్కన ఒక మనిషి. ‘మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి, నేనిక్కడే ఉంటా’ అన్న ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకాల సారమూ ఇంచుమించు ఇదే: గమనించు, విను, సాయం చేసేవాళ్లతో కలుపు. నెల దాటినా పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ దారిన వెళ్లకుండా తప్పుకోవడం, పిల్లల మీద విరుచుకుపడటం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: కౌన్సెలింగ్‌కు వెళ్తే ‘పిచ్చి’ ముద్ర పడి ఉద్యోగం పోతుంది

ఈ భయం చాలా లోతైనది, దానికి కారణమూ ఉంది. ఆయుధం పట్టే ఉద్యోగంలో ‘ఫిట్’ కాదనిపించుకోవడం ఎవరికి ఇష్టం? అయినా చట్టం చెప్పేది వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంది. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ లైను 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏ స్టేషన్, ఏ ర్యాంకు అని చెప్పాల్సిన పని లేదు. ఆ నంబరు భర్తకే కాదు, భార్యకూ, ముసలి తల్లిదండ్రులకూ, ఇంటర్ చదివే కొడుక్కీ పనికొస్తుంది.

‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది నోరు మెదపరు. 2014లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షకు అలాంటి ఆధారమేదీ దొరకలేదు. సూటిగా అడగడం వల్ల మేలు జరగొచ్చని కూడా అది చెప్పింది. ‘నేను లేకపోతే మీకే బాగుంటుంది’ అన్న మాట చెవిన పడిన రోజు అడగాల్సిందే, ఆ రాత్రికి ఆయుధం ఇంట్లో లేకుండా చూడాల్సిందే. 2018 నుంచి 2022 దాకా కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఆత్మహత్య చేసుకున్నవారు 654 మంది. ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లుంది.

అపోహ: పోలీసును పెళ్లాడితే కాపురం నిలవదు

సంబంధాలు చూసేటప్పుడు వినిపించే మాటే. అమెరికాలో 2000 జనగణన వివరాలతో చేసిన ఒక అధ్యయనం, అక్కడి పోలీసుల్లో విడాకులు దేశ సగటు కంటే కాస్త తక్కువేనని చూపింది. డ్యూటీ కష్టం వేరు, కాపురం చెడటం వేరు.

అపోహ: మొగుడే పోలీసైతే ఎవరికి చెప్పుకుంటాం?

కొడితే, వేధిస్తే చెప్పుకోవడానికి భర్త పనిచేసే స్టేషన్ ఒక్కటే దిక్కు కాదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు, నేరం ఎక్కడ జరిగిందన్నదానితో పనిలేదు. ఫిర్యాదులో వారెంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. అసలు స్టేషన్ గడప తొక్కకుండానే, 2005 గృహహింస చట్టం కింద నేరుగా మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ చట్టం కింద నియమించిన రక్షణ అధికారి గృహహింస నివేదిక రాసి కోర్టుకు పంపుతారు. ఆ ఇంట్లోనే ఉండే హక్కునూ, భర్త దగ్గరికి రాకూడదన్న ఉత్తర్వునూ కోర్టు ఇవ్వగలదు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. 181కి ఫోన్ చేస్తే బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు పెళ్లి ఫొటో, పిల్లల ఆధార్, దెబ్బలకు చూపించుకున్న ఆస్పత్రి చీటీ, వేధించిన మెసేజ్‌ల నకళ్లు చేతిలో ఉంటే పని త్వరగా కదులుతుంది. వాటి జిరాక్సులు ముందే అమ్మగారింట్లో ఒక సెట్టు ఉంచుకోవడం మేలు.