మీకు తెలుసా? కిరీటం పెట్టుకోని బిషప్

స్పెయిన్ నుంచి బ్రెజిల్ వెళ్లిన మిషనరీ పేద్రో కసల్దాలిగా 1971లో బిషప్‌గా అభిషేకం పొందినప్పుడు కిరీటం పెట్టుకోలేదు. పల్లె రైతుల గడ్డి టోపీ పెట్టుకున్నారు. బిషప్‌లు పట్టుకునే కాపరి దండానికి బదులు ఆదివాసుల పడవ తెడ్డు. ఆయన వేలికి ఉండేది కూడా బంగారం కాదు, తుకుం అనే తాటిజాతి చెట్టు గింజను చెక్కి చేసిన నల్లటి ఉంగరం!

భూస్వాముల దౌర్జన్యాన్ని ఎదిరించి కూలీల పక్షాన నిలిచినందుకు చంపుతామని బెదిరింపులెన్నో వచ్చాయి. 1976లో ఠాణాలో చిత్రహింసలు పడుతున్న ఇద్దరు ఆడవాళ్ల కోసం ఆయన నిలదీయడానికి వెళ్తే, వెంట ఉన్న ఫాదర్ బుర్నియేను పోలీసు కాల్చాడు. మర్నాడే బుర్నియే ప్రాణం పోయింది. అయినా కసల్దాలిగా తాను బిషప్‌గా ఉన్న ప్రాంతం వదల్లేదు.

2020లో 92 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆయనను, కోరుకున్నట్టే అరగ్వాయా నది ఒడ్డున, కరజా ఆదివాసుల శ్మశానంలో సమాధి చేశారు.