మీకు తెలుసా? విదేశీ సైటులో కొంటే ఓటీపీ ఎందుకు రాదు

శ్రీకాకుళంలో కూర్చుని నాలుగు వందల కరెంటు బిల్లు కట్టినా కార్డుకు ఓటీపీ అడుగుతుంది. అదే కార్డుతో అమెరికా సైటులో నలభై వేల వస్తువు కొంటే చాలాసార్లు ఏమీ అడగదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెల సీవీవీ చాలు, డబ్బు వెళ్లిపోతుంది. దీనికి బ్యాంకును తిట్టి లాభం లేదు. ఓటీపీ మన రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. 2009 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చి, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. అమ్మేవాడి బ్యాంకు విదేశంలో ఉంటే ఆ ఉత్తర్వు అక్కడ చెల్లదు. కాబట్టి విదేశీ కొనుగోలులో ఓటీపీ చేయాల్సిన కాపలా పని బ్యాంకు పంపే అలర్టు మెసేజి మీద పడింది. మనలో చాలామంది చదవకుండా తుడిచేసేది దాన్నే.

ఈ సందులోంచి ఒకప్పుడు ఇక్కడి వ్యాపారాలు కూడా దూరాయి. హైదరాబాద్‌లో ఎక్కి హైదరాబాద్‌లోనే దిగినా, కారు కిరాయిని విదేశీ గేట్‌వే గుండా తిప్పి ఓటీపీ లేకుండా తీసుకున్న ఉబర్ సంగతి అప్పట్లో పెద్ద చర్చ. ఇలాంటివి కుదరవని 2014 ఆగస్టు 22న రిజర్వు బ్యాంకు చెప్పింది, అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. ఇక్కడి వ్యాపారానికి ఆ దారి మూసుకుపోయింది. నిజంగానే విదేశంలో ఉన్న దుకాణానికి మాత్రం తెరిచే ఉంది.

దాన్నీ కొంత బిగిస్తున్నారు. 2025 సెప్టెంబరు 25 నాటి ఆదేశాల ప్రకారం, విదేశీ దుకాణం గానీ దాని బ్యాంకు గానీ అదనపు ధ్రువీకరణ అడిగితే, దాన్ని సరిచూసే ఏర్పాటు 2026 అక్టోబరు 1 నాటికి మన బ్యాంకుల దగ్గర ఉండాలి. "అడిగితే" అన్న మాట గమనించండి. అడగని దుకాణం దగ్గర కథ పాతదే.

కొత్త కార్డు చేతికొచ్చేసరికి విదేశీ చెల్లింపులకు మూసే ఉంటుందని తెలుసా? 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఆ అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలోనూ, దుకాణంలో యంత్రంలో పెట్టినప్పుడూ మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, తాకించి చెల్లించడం ఖాతాదారు తానుగా తెరుచుకోవాలి. పాత కార్డుల్లోనూ అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడని సదుపాయాలను బ్యాంకులే మూసేశాయి.

ఇది తెలియకపోతే ఏమవుతుందో చూడండి. టెక్కలిలో ఒక తండ్రి ఉన్నాడనుకుందాం. కూతురికి అమెరికాలో సీటొచ్చింది. వీసా ఇంటర్వ్యూకు ముందు, విదేశీ విద్యార్థుల నమోదు కోసం అమెరికా వసూలు చేసే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టాలి. రాత్రి పదకొండింటికి తండ్రీ కూతుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నంబర్లు కొట్టారు. డిక్లైన్. సీవీవీ తప్పు కొట్టామేమోనని మళ్లీ కొట్టారు. మళ్లీ డిక్లైన్. మూడోసారీ అంతే. నాలుగోసారికి కార్డు బ్లాకయిందని మెసేజి. వంటింట్లోంచి తల్లి కంగారు: "ఏటయ్యింది, డబ్బులు పోనాయా?"

పోలేదు. డిక్లైన్ అంటే డబ్బు ఖాతాలోనే ఉందని అర్థం. ఆ ఇంట్లో జరిగిన పొరపాటు మొదటి డిక్లైన్ కాదు, ఆ తర్వాతి మూడు ప్రయత్నాలు. ఒకే కార్డు మీద నిమిషాల తేడాతో వరుసగా చెల్లింపులు విఫలమైతే బ్యాంకు యంత్రానికి అది దొంగ పద్ధతిగా కనిపిస్తుంది. ఒకసారి తిరస్కరిస్తే అక్కడితో ఆగి, బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి విదేశీ వాడకం ఆన్‌లో ఉందో లేదో చూడాలి. పరిమితి సరిపోతుందో చూడాలి. 350 డాలర్లకు రూపాయి లెక్క కట్టి సరిగ్గా అంతే పెడితే మళ్లీ తిరస్కరించొచ్చు. చాలా కార్డుల మీద రెండు నుంచి మూడున్నర శాతం దాకా విదేశీ మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ ఉంటాయి కదా, కాస్త ఎక్కువే పెట్టాలి. పని అయ్యాక విదేశీ వాడకం మీట ఆపేయాలి. ఆపడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

గ్రామీణ బ్యాంకు ఇచ్చిన మామూలు దేశీయ రూపే కార్డుతో ఇలాంటి ఫీజు కట్టబోతే ఏ మీట నొక్కినా పని జరగదు. అది విదేశీ సైట్లలో నడిచే కార్డు కాదు.

మీ చెల్లింపును అనుమానించేది బ్యాంకులో కూర్చున్న మనిషి కాదు. 1992లో అమెరికాలోని శాన్ డియాగోకు చెందిన హెచ్‌ఎన్‌సీ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ ఫాల్కన్ పేరుతో ఒక వ్యవస్థ తెచ్చింది. మెదడులోని నరాల అల్లికను అనుకరించే గణితంతో, ఒక్కో కార్డు చెల్లింపు ఎంత అనుమానాస్పదమో అది అప్పటికప్పుడు మార్కులు వేసింది. 2002లో ఆ సంస్థను ఇప్పుడు ఫైకో అని పిలిచే కంపెనీ కొనేసింది. ఈరోజు బ్యాంకులు వాడే రకరకాల వ్యవస్థలు చేసేది అదే పని: ఈ కార్డు ఇన్నాళ్లూ ఎలా నడిచింది, ఇప్పుడెలా నడుస్తోంది అని పోల్చి చూడటం.

విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టలు, బైపాసు మీద పెట్రోలు, నెలకోసారి కిరాణా, ఏడాదికోసారి బీమా ప్రీమియం. ఇలా నడిచిన కార్డు ఒక రాత్రి ఒంటిగంటకు డాలర్లలో గడియారం కొంటే యంత్రానికి అనుమానం రాక మానదు. అమెరికా పట్టపగలు మనకు నడిరాత్రి, తగ్గింపు అమ్మకాలు వాళ్ల వేళకే మొదలవుతాయి. కొన్నది మీరే అయినా మీ పాత లెక్కల్లో ఆ కొనుగోలుకు చోటు లేదు. నన్నడిగితే, ఇలా అనవసరంగా అనుమానించే బ్యాంకే మేలు.

ఒక్క డాలరే కదా అని వదిలేసే మెసేజి అన్నిటికన్నా ప్రమాదం. దొంగిలించిన కార్డు నంబర్లు గుత్తగా చేతికొచ్చినవాడు ముందు ఏది బతికి ఉందో చూస్తాడు. అందుకు ఒక డాలరో రెండు డాలర్లో ఏదో చిన్న సైటులో గీస్తాడు. అది వెళ్లిందంటే తర్వాతది పెద్దది. కొత్తగా ఏదైనా చందా తీసుకున్నప్పుడు కార్డు పనిచేస్తుందా అని కంపెనీలు కూడా ఒక డాలరు పట్టి వదిలేస్తాయి, నిజమే. తేడా ఒక్కటే: మీరు ఏదైనా తీసుకున్నారా లేదా. తీసుకోకపోతే ఎనభై, తొంభై రూపాయల కోసమైనా సరే, కార్డు ఆపించాల్సిందే.

ధర రూపాయల్లో చూపించినంత మాత్రాన దుకాణం మన దేశంలోదైపోదు. డబ్బు పుచ్చుకునే కంపెనీ విదేశంలో నమోదై ఉంటే అది విదేశీ చెల్లింపు కిందికే వస్తుంది. కొన్ని బ్యాంకులు దాని మీదా రుసుము వేస్తాయి. అలర్టులో కనిపించే పేరు కూడా దుకాణం పేరు కాకపోవచ్చు, దాని మాతృసంస్థ పేరో, ఎప్పుడూ వినని ఊరి పేరో ఉంటుంది. గాబరా పడేముందు ఆర్డరు వచ్చిన ఈమెయిల్‌తో మొత్తం సరిపోల్చుకోండి.

ఇక అసలు లెక్క, మూడు రోజులది. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇలా చెబుతుంది: మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవాడెవడో మీ కార్డుతో డబ్బు లాగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీ మీద ఒక్క రూపాయి భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చేస్తే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా పది వేలు, ప్రాథమిక పొదుపు ఖాతాకు ఐదు వేల దాకా మీరే భరించాలి. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో వేయాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే బాధ్యత బ్యాంకుది.

పనిదినాలు ఎవరివి? మీ ఖాతా ఉన్న శాఖవి. సమాచారం అందిన రోజును లెక్కలోంచి తీసేస్తారు. రెండో శనివారానికి ముందు శుక్రవారం అలర్టు వచ్చిందనుకోండి, శనివారం, ఆదివారం పోగా సోమవారం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం మూడు. అంత గడువుంది కదా అని కూర్చోమని కాదు. ఫిర్యాదుకు శాఖ తెరిచే దాకా ఆగక్కర్లేదు, కార్డు వెనకున్న నంబరు ఏ వేళైనా పలుకుతుంది. ఫిర్యాదు సంఖ్య మాత్రం రాసుకోండి.

ఓటీపీ, పిన్ను మీరే చెప్పేసి ఉంటే ఈ రక్షణ వర్తించదు. బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినదంతా మీదే. తెలియజేశాక పోయేది బ్యాంకుది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇందులో ప్రత్యేకమైన చిక్కొకటుంది. వలస. హైదరాబాదో చెన్నయో వెళ్లినవాడు అక్కడ కొత్త సిమ్ తీసుకుంటాడు. బ్యాంకులో మాత్రం ఊళ్లో వదిలేసిన పాత నంబరే ఉంటుంది. అలర్టు ఆ నంబరుకు పోతుంది. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు కూడా. కార్డు ఎవరి పేరున ఉన్నా, అలర్టు ఎవరి ఫోనుకు వస్తోందో ఈ నెలలోనే చూసుకోండి.

నిజమైన అలర్టుకు, దొంగ అలర్టుకు తేడా ఎలా? బ్యాంకు మెసేజి పదంకెల మొబైలు నంబరు నుంచి రాదు. పంపినవారి పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. లావాదేవీల కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారాలని 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. వీటన్నిటికన్నా తేలిక గుర్తు ఇంకొకటి: అసలు అలర్టు "ఇది మీరు చేశారా, లేదా" అని మాత్రమే అడుగుతుంది. కార్డు నంబరు, పిన్ను, ఓటీపీ అడిగేది ఏదైనా దొంగదే.

బ్యాంకుల పేర్లు మారడం మోసగాళ్లకు కలిసొచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. పేరు మారిందని కేవైసీ కోసం లింకు నొక్కమనేవాడిని నమ్మకండి, శాఖకే వెళ్లండి.

విదేశీ పార్శిల్ పేరుతో వచ్చే ఫోన్లది ఇంకో కథ, అది మన ముంగిట్లోదే. "మీ పేరున ఫెడెక్స్ పార్శిల్‌లో మత్తుమందు దొరికింది" అని బెదిరించే ముఠాల కోసం పనిచేయించడానికి ఉత్తరాంధ్ర కుర్రాళ్లనే కాంబోడియాకు తరలించారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు డబ్బు పుచ్చుకుని పంపారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని, మన దేశం వాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయమన్నారు. ఆ నెల 20న కాంబోడియాలోని సిహనూక్‌విల్‌లో సుమారు మూడు వందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. మన రాయబార కార్యాలయం చొరవతో మొదటి విడతగా అరవై మంది తిరుగు ప్రయాణమయ్యారు. అటువైపు నుంచి చక్కటి తెలుగులో మాట్లాడాడని నమ్మేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణాన ముందు బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, దేశంలో ఎక్కడున్నా ఆ నంబరు ఒక్కటే.