పాత కారు నిజం చెబుతుందా?

ఆదివారం ఉదయం మీ ఇంటి ముందు ఒక కారు వచ్చి ఆగింది. తెల్లరంగు తళతళలాడుతోంది. లోపల అగరుబత్తి వాసన. డ్యాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడి బొమ్మ. "డాక్టరు గారి బండి సార్. వారానికొకసారి తీసేవారు. ఆరేళ్లలో ముప్పై వేల కిలోమీటర్లే తిరిగింది" అంటున్నాడు తెచ్చినతను. మీ నాన్నగారు భవిష్యనిధి నుంచి తీసిన మూడు లక్షలు సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లు తీసుకుపోతారట. ఇప్పుడేం చేయాలి?

ఇంట్లో మెకానిక్ ఉండనక్కర్లేదు. పదో తరగతి భౌతిక, రసాయన శాస్త్రాలు గుర్తున్నవారెవరైనా ఈ కారును కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. అమ్మే మనిషి మాట మార్చవచ్చుగాని ఇనుము, రబ్బరు, పొగ మాట మార్చవు.

నిమ్మకాయల సంత

అమెరికా వాడుకభాషలో లోపాలున్న కారును 'నిమ్మకాయ' అంటారు. జార్జ్ అకర్లాఫ్ అనే యువ ఆర్థికశాస్త్రవేత్త 1960లలో ఈ నిమ్మకాయల మీద ఒక వ్యాసం రాశారు. మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. చివరికి 1970లో అచ్చయింది. ఆ కృషికే 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. 1967-68లో ఆయన ఢిల్లీలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేశారు. మన పల్లెల వడ్డీవ్యాపారుల ప్రస్తావన కూడా ఆ వ్యాసంలో ఉంది.

ఆయన చెప్పింది చిన్న లెక్కతో అర్థమవుతుంది. సంతలో సగం మంచి కార్లు, సగం చెడ్డవి అనుకుందాం. మంచి కారు విలువ 3 లక్షలు, చెడ్డదాని విలువ లక్ష. ఏది ఏదో అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. అందుకని కొనేవారు సగటు చూసుకొని 2 లక్షలకు మించి ఇవ్వరు. ఆ ధరకు మంచి కారు యజమాని ఎందుకు అమ్ముతాడు? బండి ఇంటికి తీసుకుపోతాడు. చెడ్డ కారు యజమాని మాత్రం సంతోషంగా అమ్ముతాడు. ఇది గ్రహించిన కొనేవారు ధర ఇంకా తగ్గిస్తారు. చివరకు సంతలో నిమ్మకాయలే మిగులుతాయి. ఒకరికి తెలిసి, మరొకరికి తెలియకపోవడం వల్ల వచ్చే ఈ చిక్కును 'సమాచార అసమానత' అంటారు.

దీనికి విరుగుడు పరీక్ష. పరీక్ష వల్ల లాభపడేది కొనేవారు మాత్రమే కాదు. తన బండి మంచిదని నిరూపించుకునే అవకాశం నిజాయితీపరుడైన అమ్మకందారుకూ దొరుకుతుంది. కాబట్టి పరీక్షకు ఒప్పుకోకపోవడం కూడా ఒక జవాబే.

గుడ్డలో చుట్టిన అయస్కాంతం

కారు పైరేకు చాలావరకు ఉక్కు. గుద్దుకొని సొట్టపడిన చోట పుట్టీ నింపి, నునుపు చేసి, రంగు వేస్తారు. ఈ పుట్టీ ఒక రకం పాలియెస్టర్. దానికి అయస్కాంత గుణం లేదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. పుట్టీ మందం ఒక మిల్లీమీటరు దాటవచ్చు. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత ఆకర్షణ వేగంగా తగ్గిపోతుంది. అందువల్ల గీతలు పడకుండా పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఎడమ తలుపు మీద, తర్వాత కుడి తలుపు మీద అదే చోట ఆనించి చూడండి. ఒకచోట గట్టిగా అతుక్కొని, మరోచోట జారిపోతే అక్కడ పుట్టీ ఉందన్నమాట.

తొందరపడి తీర్పు చెప్పకూడదు. బంపర్లు ప్లాస్టిక్‌వి. కొన్ని కార్ల బానెట్ అల్యూమినియంతో చేస్తారు. ఆ రెండిటికీ అయస్కాంతం అంటుకోదు. మన వీధుల్లో తిరిగిన కారుకు తలుపు మీద ఒక సొట్ట ఉండటం వింత కాదు. పైకప్పును మోసే స్తంభాల దగ్గర, ముందు చక్రాల వెనుక పుట్టీ కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. ప్రమాదంలో ప్రాణం కాపాడవలసిన చట్రం అదే.

పొగ రంగు

కారు చూడటానికి వెళ్లినప్పుడు ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంజన్‌ను ముందే నడిపారని అర్థం. ఇంజన్ జబ్బులు చాలావరకు చల్లగా ఉండి స్టార్ట్ చేసినప్పుడే బయటపడతాయి.

పెట్రోలు హైడ్రోజన్, కార్బన్‌ల సమ్మేళనాల మిశ్రమం. అది మండితే కార్బన్ డయాక్సైడ్, నీరు వస్తాయి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది! చలికాలం ఉదయం సైలెన్సర్ నుంచి వచ్చే పల్చని తెల్లపొగ ఆ నీటి ఆవిరే. కాసేపటికి అది పోతుంది. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ వస్తుంటే, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ దహన గదిలోకి కారుతోందేమో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. నల్లపొగ అంటే ఇంధనం పూర్తిగా మండక మసి అవుతోంది. ఈ మూడింటిలో బాగుచేయడం తేలిక సాధారణంగా నల్లపొగే.

స్ప్రింగు, టైరు, మీటరు

కారు ఒక మూలను రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. పైకి లేచి, ఒకసారి ఊగి నిలిచిపోవాలి. స్ప్రింగు శక్తిని షాక్ అబ్జార్బర్ ఘర్షణ ద్వారా వేడిగా మార్చేస్తుంది. పాఠ్యపుస్తకంలో చదివిన అవరుద్ధ డోలనాలు ఇవే. ఊయలలా మూడు నాలుగుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయింది.

టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. మన డాక్టరు గారి కారు సంగతి చూద్దాం. కారు వయసు ఆరేళ్లు, మీటరు ముప్పై వేలు, టైర్ల వయసు రెండేళ్లు. కారు టైర్లు మామూలుగా నలభై వేల కిలోమీటర్ల వరకు వస్తాయి. మరి ఇంత తక్కువ తిరిగిన బండికి నాలుగు టైర్లూ ఎందుకు మార్చారు? కారణం ఉండవచ్చు, అడగాలి. ఈనాటి మీటరు మెమరీ చిప్‌లో నిలిచిన ఒక సంఖ్య మాత్రమే. దాన్ని తిరగరాసే పరికరాలు ఉన్నాయి. బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదలను, స్టీరింగ్ మెరుపును, డ్రైవరు సీటు అంచు నలుగుడును తిరగరాయడం అంత తేలిక కాదు. సర్వీసు బిల్లుల మీద తేదీతోపాటు కిలోమీటర్లు కూడా ఉంటాయి. వాటిని వరసగా పేర్చి చూడండి. సంఖ్య ఎక్కడా వెనక్కి పోకూడదు.

వరదలో మునిగిన కారు

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ నీట మునిగాయి. వాటితోపాటు ఎన్నో కార్లూ మునిగాయి. అలాంటి కారును కడిగి, ఆరబెట్టి, అత్తరు చల్లితే పైకి ఏమీ తెలియదు. కాని లవణాలు కరిగిన నీరు విద్యుద్విశ్లేష్యం. తీగల జాయింట్లలో అది మిగిలితే, పన్నెండు వోల్టుల బ్యాటరీ కింద రాగి నెలల తరబడి తుప్పు పడుతూనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగును నడిపే పెట్టె చాలా కార్లలో ముందుసీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. అది పాడైతే నష్టం డబ్బుతో ఆగదు.

సీటుబెల్టును చివరిదాకా బయటకు లాగండి. ఎవరూ కడగని ఆ కొసన బురద చార కనిపించవచ్చు. తివాచీ ఎత్తి, స్పేరు చక్రం గుంటలో, సీటు పట్టాల కింద తుప్పు చూడండి. తీగల కొసల్లో పచ్చటి పొర ఉందేమో గమనించండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆరకపోయినంత ప్రమాదం.

లోహం మరచిపోదు

ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరు ఉంటుంది. 1, 0లతో పొరపడకుండా ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలను ఇందులో వాడరు. చట్రం మీద చెక్కిన నంబరూ, ఆర్‌సీలోని నంబరూ, బీమా పత్రంలోని నంబరూ ఒక్కటై ఉండాలి. ప్రమాదంలో నుజ్జయిన కారు కాగితాలను అదే రకం దొంగకారుకు తగిలించే మోసం ఒకటుంది. నంబరు చుట్టూ అరగదీసిన గుర్తులు, వంకర అంకెలు, అక్కడొక్కచోటే కొత్తరంగు ఉంటే అక్కడితో ఆపేయండి.

నంబరును పూర్తిగా అరగదీసినా ఫోరెన్సిక్ ప్రయోగశాలలు చాలాసార్లు దాన్ని మళ్లీ చదవగలవు. అంకెను అచ్చుగుద్దినప్పుడు దాని అడుగున ఉన్న లోహ స్ఫటికాలు కూడా నలుగుతాయి. పైపొర పోయినా ఆ నలుగుడు మిగులుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్యూప్రిక్ క్లోరైడ్ కలిసిన ద్రావణం పూస్తే నలిగిన లోహం, నలగని లోహం వేర్వేరు వేగాలతో కరిగి అంకె నీడలా పైకి తేలుతుంది.

బండి సరే, మనిషి?

ఆర్‌సీలో ఉన్న పేరు, ఎదుట ఉన్న మనిషి గుర్తింపు కార్డు పేరు ఒకటేనా? "మా స్నేహితుడిది" అంటే ఆ స్నేహితుణ్ణి ఆయన ఇంటి దగ్గరే కలవాలి. బదిలీ అయిందని, వెంటనే అమ్మాలని ఫోనులో చెప్పి, కారు చూపకుండానే అడ్వాన్సు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా పంపకూడదు. రవాణా శాఖ వెబ్‌సైట్లలో చలాన్లు చూసుకోవచ్చు. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే ఆర్‌సీలో నమోదై ఉంటుంది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా ముందుకు పోరాదు. వేరే రాష్ట్రం బండి అయితే నిరభ్యంతర పత్రం కావాలి. పన్ను ఇక్కడ మళ్లీ ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

డబ్బు యజమాని బ్యాంకు ఖాతాకే వెళ్లాలి. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక పేరు మార్పిడి వాయిదా వేయకూడదు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం చెబుతోంది. ఇది అమ్మినవారికీ ముఖ్యమే. కారు చేతులు మారినా రికార్డులో పేరు మారకపోతే, ప్రమాద పరిహారం బాధ్యత రికార్డులోని యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చివరి లెక్క

ఏ ఒక్క పరీక్షా పూర్తి నిజం చెప్పదు. వంద కార్లలో 20 చెడ్డవనుకుందాం. ఒక పరీక్ష ఆ 20లో 16ను పట్టుకుంటుంది. పొరపాటున 80 మంచివాటిలో 8ని కూడా అనుమానిస్తుంది. పరీక్ష నెగ్గినవి 76. వాటిలో చెడ్డవి 4. అంటే అయిదింట ఒకటిగా ఉన్న ప్రమాదం సుమారు ఇరవైలో ఒకటికి తగ్గింది. మొదటిదానితో సంబంధం లేని, అంతే శక్తిగల రెండో పరీక్ష కూడా నెగ్గితే దాదాపు వందలో ఒకటికి పడిపోతుంది. అయస్కాంతం, పొగ, టైరు, కాగితం ఇన్ని ఎందుకంటే ఇందుకే. వీటి తర్వాత మీకు నమ్మకమైన మెకానిక్‌కు కూలి ఇచ్చి చూపించండి. మూడు లక్షల ముందు అది చిన్న ఖర్చు.

ఇక సాయంత్రంలోగా అడ్వాన్సు సంగతి. మంచి కారు ఒక్క రాత్రిలో చెడిపోదు. రేపు ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సర్వీసు బిల్లులతో, డాక్టరు గారిని వెంటబెట్టుకొని రమ్మని చెప్పండి. వస్తే మాట్లాడుకోవచ్చు.