సగం నీరే ఉన్న బొగ్గు

తమిళనాడులోని నైవేలి గనుల్లో తవ్వే లిగ్నైట్‌లో దాదాపు సగం బరువు నీళ్లదే. పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్ అని వరుస చెప్పించి వదిలేస్తే పిల్లలకు మిగిలేవి నాలుగు పేర్లే. లిగ్నైట్‌ను తక్కువ రకం బొగ్గు అని ఎందుకంటారో ఈ నీటి లెక్కతో చెబితే గుర్తుంటుంది.

కిలో లిగ్నైట్‌లో అరకిలో నీరు. దాన్ని 30 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి 35 కిలోకేలరీలు, ఆవిరి చేయడానికి మరో 270 కావాలి. మొత్తం 305. ఆ కిలో బొగ్గు ఇచ్చే వేడి సుమారు 2,600 కిలోకేలరీలు. అంటే పదో వంతుకు పైగా వేడి సొంత తడి ఆర్చుకోవడానికే సరి! పచ్చికట్టె పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట రాదని మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే.

ఎండలో ఆరబోస్తే చాలదా? లిగ్నైట్ ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది. కుప్పపోస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోలోపల వేడెక్కి, దానంతటదే అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే 1960లలో నైవేలిలో కట్టిన కర్మాగారంలో దాన్ని నలగ్గొట్టి, ఆవిరితో వేడెక్కే గొట్టాల్లో ఆరబెట్టి, గట్టి ఒత్తిడితో ఇటుకముక్కల్లా అచ్చువేసేవారు.

తర్వాతి పని మన బొగ్గుబట్టీలాంటిదే. బట్టీలో కట్టెలు పేర్చి, మట్టి కప్పి, గాలి సరిగా ఆడకుండా కాలుస్తారు. కర్మాగారంలో మూసిన కొలిమిలో అచ్చుల మధ్య నుంచి ఆక్సిజన్ లేని వేడి వాయువును పంపుతారు. పొగకు కారణమైన పదార్థాలు ఆవిరై బయటికొస్తాయి. వాటిని చల్లార్చి తారు, ఫినాల్ తీస్తారు. మిగిలేది ప్రధానంగా కార్బన్. దీన్నే కార్బనీకరణం అంటాం. అలా తయారైన బొగ్గును 'లెకో' పేరుతో పొయ్యిల్లోకి అమ్మేవారు. ఆ కర్మాగారం తర్వాత మూతపడింది.

తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. పొగ రాని బొగ్గు ప్రమాదం లేని బొగ్గు కాదు. గాలి చాలకపోతే ఏ బొగ్గయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో గది తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి చనిపోయారన్న వార్తలు చూస్తూనే ఉన్నాం. కుంపటి ఉన్న గదిలో తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే వెంటనే అందరూ బయటికి రావాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రగులుతున్న కుంపటితో మూసిన గదిలో ఎప్పుడూ పడుకోకూడదు.

ఉపాధ్యాయులు తరగతిలో బొగ్గు కాల్చి చూపనక్కర్లేదు. తడి రంపపు పొట్టును తూచి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, మళ్లీ తూయించండి. తగ్గిన బరువెంతో, అది మొదటి బరువులో ఎంత శాతమో పిల్లల చేతే లెక్క కట్టించండి. అంత నీటిని ఆవిరి చేయడానికి ఎన్ని కిలోకేలరీలు పడతాయన్నది ఇంటిపనిగా ఇవ్వండి.